ఎడమా, కుడా అనే ముందు విమానం ఎటు నుంచి దిగుతుందో చూడండి

మీ అమ్మగారిని మొదటిసారి విమానం ఎక్కిస్తున్నారు, దిగేటప్పుడు నగరమంతా ఆవిడ కళ్లారా చూడాలి, ఎడమ కిటికీ తీసుకోవాలా కుడి కిటికీ తీసుకోవాలా అని అడిగారు. ఊరి పేరు రాయలేదు. రాసి ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు "ఆ ఊరికి ఎడమ" అనో "కుడి" అనో ఒక్క ముక్కలో తేల్చేసేవారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేవాణ్ణి.

లండన్ హీత్రో విమానాశ్రయానికి మొదటిసారి వెళ్లినప్పుడు అనుకోకుండా కుడి కిటికీ దొరికింది. మబ్బులు దాటి కిందికి రాగానే థేమ్స్ నది మెలికలు, టవర్ బ్రిడ్జి, పార్లమెంటు భవనం ఒకదాని వెనక ఒకటి అరచేతిలో పెట్టినట్టు కనిపించాయి. రెండేళ్ల తర్వాత మా ఆవిడతో వెళ్తూ ఏరికోరి అదే వైపు సీటు తీసుకున్నాను. దారి పొడుగునా ఊరించాను కూడా. ఆ రోజు విమానం పడమరన ఉన్న విండ్సర్ ఊరి వైపు నుంచి వచ్చి దిగింది. పొలాలు, పెద్ద పెద్ద నీటి రిజర్వాయర్లు, రోడ్లు, అంతే. తన ముఖం చూసి నాకు చాలా బాధేసింది. ఇలా ఎందుకైందో తెలుసుకోవాలని అప్పుడు పట్టుదలగా చదివాను.

కారణం గాలి. విమానాలు ఎదురుగాలిలోకి దిగుతాయి, ఎదురుగాలిలోకే లేస్తాయి. రన్‌వే మీద రాసే అంకె కూడా దిక్కే చెబుతుంది: 27 అంటే దిక్సూచి మీద దాదాపు 270 డిగ్రీలు, అంటే పడమర ముఖంగా దిగుతారని. అదే రన్‌వే రెండో కొసన 09 అని ఉంటుంది, అది తూర్పు ముఖం. లండన్‌లో ఎక్కువగా పడమటి గాలి వీస్తుంది, కాబట్టి విమానాలు తూర్పు నుంచి నగరం మీదుగా వచ్చి 27 మీద దిగుతాయి, నగరం నడిబొడ్డు కుడి పక్కన పడుతుంది. తూర్పు గాలి వీచిన రోజున అంతా తిరగబడుతుంది. మేం దిగింది అలాంటి రోజునే.

మిగతా ఊళ్లదీ ఇదే కథ. న్యూయార్క్ లగార్డియా విమానాశ్రయంలో 04 మీదకి దిగితే విమానం బ్రూక్లిన్ మీదుగా వస్తుంది, మన్‌హటన్ ఎడమ కిటికీలో ఉంటుంది. 22 మీదకి దిగితే అదే మన్‌హటన్ కుడి వైపుకి మారిపోతుంది. సిడ్నీకి ఉత్తరం నుంచి వచ్చి 16 మీద దిగితే హార్బర్ బ్రిడ్జి, ఆపెరా హౌస్ ఎడమ వాళ్లకి దక్కుతాయి, 34 మీద దిగే రోజున దక్షిణాన ఉన్న బోటనీ బే అనే అఖాతం నీళ్ల మీదుగా వచ్చేస్తారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి మాత్రం వాషింగ్టన్‌లో రీగన్ విమానాశ్రయానికి ఉత్తరం నుంచి వచ్చేది. శ్వేతసౌధం, కాపిటల్ (అమెరికా పార్లమెంటు భవనం) పరిసరాల మీద ఎగరడం నిషేధం కాబట్టి విమానం పొటోమాక్ నదిని పట్టుకుని వంపు వంపుకీ వాలుతూ దిగుతుంది. ఎడమ కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లకి లింకన్ స్మారకం, వాషింగ్టన్ స్తంభం, కాపిటల్ గోపురం వరసగా వస్తాయి. ఆ రెండు మూడు నిమిషాలూ నేను ఊపిరి కూడా తీసుకోలేదేమో అనిపించింది.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. విమానాలు ఎగిరిన దారులు మ్యాపు మీద చూపించే ఫ్లైట్‌రాడార్24 సైటులో మీ ఫ్లైట్ నంబరు కొట్టి గత కొద్ది రోజుల్లో అది దిగిన దారులు ఒక్కొక్కటీ చూడండి. మ్యాపు మీద విమానం ముక్కు ఎటుందో చూసి, మిమ్మల్ని మీరు అందులో కూర్చోబెట్టుకుని, ఊరు ఏ చేతి వైపు వస్తోందో లెక్కేయండి. టికెట్ కొనేటప్పుడు ఎక్కువ సార్లు వచ్చిన వైపు తీసుకోండి. చెక్-ఇన్ తెరిచాక వాతావరణ సూచనలో గాలి దిక్కు మళ్లీ చూడండి. పడమటి గాలి అంటే పడమర నుంచి వీచేది, పడమరకి పోయేది కాదు. ఇక్కడ చాలామంది తికమక పడతారు. గాలి మారేలా ఉంటే, అవతల వైపు కిటికీలు ఖాళీ ఉంటే, అప్పుడే మార్చేసుకోండి.

ఎడమ వైపు కిటికీ సీటు అక్షరం దాదాపు ఎప్పుడూ ఏ. కుడి వైపుది మూడు-మూడు సీట్ల విమానాల్లో ఎఫ్, పెద్ద విమానాల్లో తరచుగా కె.

వరస విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: రెక్కకి కనీసం మూడు వరసలు ముందు కూర్చోండి. వెనక కూర్చుంటే దిగేటప్పుడు రెక్క వెనక అంచు నుంచి ఫ్లాపులనే పలకలు కిందికి దిగి అడ్డం పడతాయి, ఇంజను వేడికి ఊరంతా నీళ్లలో చూసినట్టు అలలు అలలుగా కదులుతుంది. మరీ తోక దగ్గర అయితే కొంత నయం. ఏటీఆర్ 72 లాంటి చిన్న ప్రొపెల్లర్ విమానాల్లో రెక్క కిటికీల పైన ఉంటుంది కాబట్టి కింది నేల చూడటానికి రెక్క అడ్డం రాదు. ఇంకొకటి, బోయింగ్ 737లో ఎడమ వైపు, రెక్కకి కాస్త ముందు, ఏసీ గాలి గొట్టం గోడ లోపల నుంచి పైకి వెళ్లే చోట కిటికీ ఉండదు. సీటు మాత్రం మామూలుగానే ఉంటుంది. అది ఎన్నో వరసన్నది ఒక్కో ఎయిర్‌లైన్స్‌లో ఒక్కోలా ఉంటుంది. ఏరోలోపా సైటులో సీట్లతో పాటు కిటికీలు కూడా గీసి ఉంటాయి. డబ్బు కట్టే ముందు అక్కడ ఒకసారి చూసుకోండి, మొదటిసారి ఎక్కే మనిషికి గోడ చూపించకూడదు కదా.

పగటి పూట అయితే ఎండ సంగతి కూడా ఆలోచించండి. భూమధ్యరేఖకి బాగా ఉత్తరాన ఉన్న ఊళ్లలో సూర్యుడు దక్షిణం వైపు ఉంటాడు, దక్షిణ కిటికీలో కళ్లు చెదురుతాయి, ఉత్తర కిటికీలో ఊరు వెలుగులో తేటగా కనిపిస్తుంది. అయినా నగరం దక్షిణం వైపే ఉంటే ఎండని ఓర్చుకోవాల్సిందే. రాత్రి అయితే క్యాబిన్ దీపాలు అద్దంలో మెరుస్తాయి, తల మీదుగా శాలువా కప్పుకుని చూస్తే ఆ మెరుపు పోతుంది.

లేచేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువ చూడొచ్చు. లేచేటప్పుడు విమానం నిటారుగా ఎక్కేసి త్వరగా మబ్బుల్లో కలిసిపోతుంది. దిగేటప్పుడు సుమారు మూడు డిగ్రీల వాలులో నింపాదిగా వస్తుంది, అంటే ఒక్కో నాటికల్ మైలుకి (సుమారు 1.85 కిలోమీటర్లు) దాదాపు 300 అడుగులు. రన్‌వే ఇంకా 18 కిలోమీటర్లు ఉండగా 3,000 అడుగుల ఎత్తులో ఉంటారు. ఆ ఎత్తున వంతెనల మీద వెళ్లే బస్సులు కూడా గుర్తుపట్టొచ్చు.

కిందికి దిగుతున్నామని ప్రకటన వినగానే అమ్మగారిని నిద్ర లేపి కళ్లజోడు పెట్టించండి. విమానం ఒక పక్కకి ఒరిగినప్పుడు పై వైపు కిటికీలో ఆకాశమే కనిపిస్తుంది. ఆవిడ నిరాశపడకుండా, అది మలుపు తిరుగుతోందని, తిరగడం అయ్యాక మళ్లీ నేల కనిపిస్తుందని ముందే చెప్పండి. మీరు మధ్య సీట్లో కూర్చుని, ఏది ఏమిటో వేలు పెట్టి చూపించండి. ఊరి పేరు, దిగే సమయం ఇక్కడ రాస్తే ఆ విమానం గత వారం వచ్చిన దారులు నేను కూడా చూసి ఎటువైపో చెబుతాను.