కుంకుమపువ్వు సంగతి సరే, టాబ్లెట్ ఎందుకు మానేశారు?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఏడాదిగా డిప్రెషన్‌కి టాబ్లెట్ వాడాను. కుంకుమపువ్వుతో మనసు కుదుటపడుతుందని చదివి, పది రోజుల కిందట టాబ్లెట్ మానేసి రోజూ అది తీసుకుంటున్నాను. కాస్త తల తిరుగుతోంది, నిద్ర పట్టడం లేదు. ఎక్కడి కుంకుమపువ్వు మంచిది? నకిలీని ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: నకిలీ సంగతి తర్వాత చూద్దాం. నాకు టెన్షన్ పుట్టించింది మీరు టాబ్లెట్ మానేయడం. ఈ రకం మందులు చాలావాటిని ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, నిద్ర చెడటం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం వంటివి రావచ్చు. మీ ఇబ్బందికి కారణం అదే కావచ్చు. మిమ్మల్ని పరీక్షించకుండా ఖాయంగా చెప్పలేను. పైగా అణగి ఉన్న జబ్బు కొన్ని వారాల తర్వాత తిరగబెట్టే ప్రమాదం ఉంది. బాగుందనిపించగానే మందు మానేయడం, అదీ డాక్టర్‌కి ఒక్క మాటైనా చెప్పకుండా! రోజూ చూస్తున్నదే ఇది.

మీరు చదివింది పూర్తిగా అబద్ధమేమీ కాదు. తక్కువ, మధ్యస్థాయి డిప్రెషన్‌లో రోజుకు 30 మిల్లీగ్రాముల కుంకుమపువ్వు సారం ఇచ్చి చేసిన పరిశోధనలు ఉన్నాయి, కొంత మేలూ కనిపించింది. కానీ వాటిలో చాలావరకు ఇరాన్‌లో, కొద్దిమందిపై, కొన్ని వారాలే జరిగినవి. నడుస్తున్న చికిత్సను ఆపేయడానికి అవి ఆధారం కావు. టాబ్లెట్‌తో కలిపి వాడటమూ సొంతంగా వద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు మరీ జాగ్రత్తగా ఉండాలి. వంటలో వేసే నాలుగు రేకలతో సాధారణంగా భయం లేదు. రోజుకు 5 గ్రాములు దాటితే మాత్రం విషమే.

ఇక మీరు అడిగింది. ప్రపంచంలో పండే కుంకుమపువ్వులో అత్యధిక భాగం ఇరాన్‌దే. మన దగ్గర కశ్మీర్‌లోని పాంపోర్ పేరున్నది. కశ్మీర్ కుంకుమపువ్వుకు 2020లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని తెలిపే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. ఒక్కో పువ్వుకు మూడే కీలాగ్రాలు (మనం వాడే ఎర్ర రేకలు ఇవే), వాటిని చేత్తోనే తుంచాలి. కిలోకి దాదాపు లక్షన్నర పూలు కావాలి. అందుకే అంత ఖరీదు, అందుకే అంత కల్తీ. గోరువెచ్చని నీళ్లలో వేస్తే అసలుది నెమ్మదిగా బంగారు పసుపు రంగు వదులుతుంది, రేక ఎర్రగానే ఉంటుంది. వేసిన వెంటనే నీళ్లు ఎర్రబడి రేక తెల్లబడితే రంగు అద్దినదని అనుమానించండి. ఇది ఇంటి పరీక్షే, ల్యాబ్ రిపోర్టు కాదు.

మీకు మందు రాసిన డాక్టర్‌తో ఈరోజే మాట్లాడండి. పాత డోసు మీరే మళ్లీ మొదలుపెట్టకండి, ఎంతతో మొదలెట్టాలో ఆయనే చెప్పాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఇంట్లోవాళ్లకు చెప్పి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు పాత చీటీతో పాటు ఆ కుంకుమపువ్వు డబ్బీ కూడా తీసుకెళ్లి, రోజుకు ఎంత వేసుకుంటున్నారో చెప్పండి.