రెపో తగ్గింది, ఈఎంఐ తగ్గించుకోనా?

ప్రశ్న: గుంటూరులో ఒక ప్రైవేటు బ్యాంకు కౌంటర్‌లో పనిచేస్తున్నాను. ఉద్యోగంలో చేరకముందు వేరే బ్యాంకులో తీసుకున్న ఇంటి లోను ఇంకా 25 లక్షలుంది, 20 ఏళ్లు కట్టాలి. రెపో తగ్గాక వడ్డీ 8.5 నుంచి 7.25 శాతానికి దిగింది. ఈఎంఐ తగ్గించుకోనా? నాన్నకు 66 ఏళ్లు. కోల్డ్ స్టోరేజీలోని మిర్చి అమ్మగా వచ్చిన 8 లక్షలు నా లోనుకు కట్టేస్తానంటున్నారు. ఇంకో మాట: కొత్త ఎఫ్‌డీకి వడ్డీ ఎందుకు తగ్గించారని కస్టమర్లు అడిగితే ‘రెపో తగ్గిందండీ’ అనడమే తప్ప అసలు సంగతి నాకూ తెలియదు.

జవాబు: ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతాను. బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే స్వల్పకాలిక అప్పు మీద వడ్డీయే రెపో. 2019 అక్టోబరు నుంచి కొత్త ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) ఇంటి లోన్లను ఇలాంటి బయటి రేటుకు ముడిపెట్టాలన్నారు, మూడు నెలలకోసారైనా సవరించాలి. అందుకే 2025లో రెపో 6.50 నుంచి 5.25కి దిగితే మీ లోను వడ్డీ కూడా దిగింది. కానీ అంతకుముందు ఏడు శాతానికి వేసిన ఎఫ్‌డీకి గడువు తీరేదాకా ఏడు ఇవ్వాల్సిందే. అంటే బ్యాంకుకు రాబడి ముందు పడిపోతుంది, ఖర్చు నింపాదిగా తగ్గుతుంది. పాత రేటుకు మిర్చి కొని స్టాకు పెట్టాక యార్డులో ధర పడిపోయిన వ్యాపారిని చూసే ఉంటారు. ఇదీ అంతే. కోత పెట్టడానికి చేతికి దొరికేది కొత్త ఎఫ్‌డీలే. మేనేజరు ‘కాసా, కాసా’ అని ప్రాణం తీసేదీ ఇందుకే, కాసా అంటే సేవింగ్స్, కరెంటు ఖాతాల డబ్బు, అది బ్యాంకుకు చవక కదా.

ఇక ఈఎంఐ. తగ్గించుకోవద్దు. పాత ఈఎంఐ సుమారు 21,700. తగ్గిస్తే 19,760 అవుతుంది, నెలకు రెండు వేల లోపే మిగులు. పాతదే కడితే 240 నెలల లోను 198కి వస్తుంది. మూడున్నరేళ్లు! పైగా రేట్లు ఎప్పుడూ కిందికే పోవు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 నుంచి 6.50కి ఎక్కింది, అప్పుడు చాలామందికి తెలియకుండానే గడువు సాగిపోయింది. ఈఎంఐ అలాగే ఉంచమని బ్యాంకుకు రాసివ్వండి. మీ బ్యాంకులో ఉద్యోగులకు తక్కువ వడ్డీకి ఇచ్చే స్టాఫ్ లోను సౌకర్యం ఉందా, ఈ లోను అందులోకి మారుతుందా అన్నదీ కనుక్కోండి. ఉంటే లెక్కే వేరు.

నాన్నగారి డబ్బు మాత్రం ముట్టుకోకండి. 8 లక్షలు లోనుకు కడితే మీకు ఏడాదికి మిగిలే వడ్డీ దాదాపు 58 వేలు. అదే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేస్తే 8.2 శాతం లెక్కన 65,600, మూడు నెలలకోసారి ఆయన ఖాతాలోనే పడుతుంది. 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఆ రేటు, రెపో అంత పడినా 2025 అంతా కదల్లేదు. చేరిన రోజు ఉన్న రేటే ఐదేళ్లూ ఇస్తారు. వ్యవసాయం తప్ప ఆయనకు వేరే ఆదాయం లేకపోతే ఈ వడ్డీ మీద పన్ను బెడదా ఉండదు. పోస్టాఫీసులో గానీ బ్యాంకులో గానీ తెరవొచ్చు, నామినీగా అమ్మగారి పేరు రాయించండి. ఆయనకు పాత ఎఫ్‌డీలు ఏవైనా ఉంటే, ఈ హడావిడిలో వాటిని మధ్యలో తీయించకండి.