బెల్‌గ్రేడ్‌లో శాకాహారం దొరుకుతుందా? సమాధానం

డిసెంబరులో నాలుగు రోజులు సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ వెళ్తున్నాం, అమ్మ గుడ్డు కూడా ముట్టదు, ఏం తినాలి అని అడిగారు కదా. టెన్షన్ పడకండి, మంచి సమయంలోనే వెళ్తున్నారు. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు క్రిస్మస్ జనవరి 7న. దానికి ముందు, నవంబరు 28 నుంచి, నలభై రోజులు ఉపవాస దీక్ష. అందుకే బేకరీల్లో, హోటళ్లలో ‘పోస్నో’ అనే మాట కనిపిస్తుంది. మాంసం, పాలు, గుడ్డు లేనిదని అర్థం. అయితే చేప మాత్రం పోస్నో కిందికే వస్తుంది! కాబట్టి ‘బెజ్ మేసా, బెజ్ రిబే’ (మాంసం, చేప వద్దు) అని కూడా చెప్పండి.

ప్రెబ్రానాట్స్ అడగండి, ఉల్లిపాయలతో ఓవెన్‌లో వండే చిక్కుడు గింజల కూర. కొందరు పొగబెట్టిన మాంసం వేస్తారు, కనుక్కోండి. ఐవార్ అయితే మన పచ్చడికి చుట్టమే: కాల్చిన ఎర్ర క్యాప్సికమ్‌తో చేస్తారు. ఘాటుగా కావాలంటే ‘ల్యూతి’ అనాలి. గిబానిత్సా (చీజ్ పెట్టి పొరలు పొరలుగా కాల్చే వంటకం) జోలికి మాత్రం వెళ్లొద్దు, అందులో గుడ్డు ఉంటుంది. పండ్లకు కలెనిచ్ మార్కెట్ బాగుంటుంది. 2025 జనవరి నుంచి సిటీ బస్సులు, ట్రాముల్లో ప్రయాణం ఉచితం, టికెట్ కొనక్కర్లేదు.

అన్నట్టు, కఫానాల్లో (అక్కడి సంప్రదాయ హోటళ్లు) లోపలే సిగరెట్లు కాలుస్తారు. అమ్మకు పొగ పడకపోతే ముందే అడిగి కూర్చోండి.