పిల్లిని పంపెయ్యాలా డాక్టర్ గారూ?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకిప్పుడు మూడో నెల. మా ఇంట్లో నాలుగేళ్ల నుంచీ ఓ పిల్లి ఉంది, రాత్రి నా కాళ్ల దగ్గరే పడుకుంటుంది. కడుపుతో ఉన్నవాళ్ల ఇంట్లో పిల్లి ఉంటే బిడ్డకి తలలో నీరు చేరుతుందని మా ఆడపడుచు ఎక్కడో విని చెప్పింది, అప్పట్నుంచీ మా అత్తగారు దాన్ని ఎక్కడైనా వదిలేసి రమ్మని రోజూ గొడవ. నిజంగా అంత ప్రమాదమా? – ఓ సోదరి, తణుకు

జవాబు: పంపక్కర్లేదమ్మా. ముందు ఈ మాట మీ అత్తగారికి చదివి వినిపించండి. ఆవిడ భయపడటంలో తప్పేం లేదు, టాక్సోప్లాస్మా అనే కంటికి కనపడని పరాన్నజీవి ఒకటుంది, కడుపుతో ఉండగా మొదటిసారి అది సోకితే కొంతమంది బిడ్డలకి తలలో నీరు చేరడం, కంట్లో రెటీనా దెబ్బతినడం జరుగుతుంది, ఆ మాట నిజమే. కానీ మీ పిల్లిని ముద్దు చేస్తేనో పక్కన పడుకోబెట్టుకుంటేనో వచ్చే జబ్బు కాదు ఇది.

పిల్లి ఎలకనో పిట్టనో పచ్చి మాంసమో తిన్నప్పుడు దానికి సోకుతుంది, మొదటిసారి సోకాక ఒకటి నుంచి మూడు వారాల పాటు దాని పెంటలో ఈ క్రిమి గుడ్లు లక్షల్లో పడతాయి, ఆ తర్వాత మామూలుగా ఆగిపోతుంది. ఇంకో సంగతేంటంటే పడిన వెంటనే ఆ గుడ్లకి మనకి అంటుకునే శక్తి ఉండదు, కనీసం ఒక రోజు పడుతుంది. అందుకే దాని ట్రే ఏ రోజుకారోజు తీసి శుభ్రం చేసేస్తే సగం భయం పోయినట్టే. ఆ పని ఈ తొమ్మిది నెలలూ మీ ఆయన చెయ్యాలి, మీరు కాదు. తప్పనిసరై మీరే చెయ్యాల్సొస్తే గ్లవ్స్ వేసుకుని, అయ్యాక సబ్బుతో చేతులు బాగా రుద్ది కడుక్కోండి. పిల్లికి పచ్చి మాంసం పెట్టకండి, బయట వేటకి వదలకండి, కొత్త పిల్లి కూనని ఇప్పుడు ఇంట్లోకి తేకండి.

పిల్లి మీద పెట్టిన ఈ శ్రద్ధ కాస్త వంటింటి మీద కూడా పెట్టండి తల్లీ, ఎందుకంటే పిల్లి మొహం చూడనివాళ్లకి కూడా ఇది వస్తుంది, మేకా గొర్రే పందీ వీటి మాంసంలో ఈ క్రిమి తిత్తులుగా దాక్కుని ఉంటుంది. మన కూరల్లో మాంసం కుక్కర్లో మెత్తగా ఉడుకుతుంది కాబట్టి తినేటప్పుడు ఇబ్బంది లేదు, కానీ మనాడవాళ్లకి ఓ అలవాటుంది, కూర సగం ఉడికీ ఉడక్కుండానే గరిటెతో తీసి ఉప్పు చూడటం. ఈ తొమ్మిది నెలలూ మాంసం కూరలో అది మానెయ్యండి. పచ్చి మాంసం కోసిన కత్తిపీట మీదే కీరా, ఉల్లిపాయ తరగడం కూడా. లోపల ఎర్రగా ఉండే కబాబులు ఇప్పుడొద్దు, ఖీమా అయితే లోపలిదాకా 71 డిగ్రీల వేడి తగలాలి.

మట్టి కూడా చూసుకోవాలి, వీధి పిల్లులు మేడ మీద కుండీల్లో, ఇల్లు కట్టేచోట పోసిన ఇసుక కుప్పల్లో పెంట వేస్తాయి, ఆ గుడ్లు తడి మట్టిలో ఏడాది దాకా కూడా బతుకుతాయి. కొత్తిమీర, ముల్లంగి లాంటివి పచ్చిగా తినేటట్టయితే రెండు మూడు నీళ్లు పోసి కడగండి. 2004లో కోయంబత్తూరులో చాలామందికి ఒకేసారి కంటి టాక్సోప్లాస్మా వస్తే అక్కడి కంటి డాక్టర్లు కుళాయి నీళ్లనే అనుమానించారు, మామూలుగా కలిపే క్లోరిన్‌కి ఆ గుడ్లు చావవు, కాచిన నీళ్లే తాగండి.

ప్రశ్న: పోయినేడు రెండో నెలలో అబార్షన్ అయింది మేడమ్. టార్చ్ టెస్టులో టాక్సో ఐజీజీ పాజిటివ్, ఐజీఎం నెగెటివ్ వచ్చింది. మళ్లీ కడుపు వస్తే అదీ పోతుందేమోనని భయం. మందులు వాడాలా? – పేరు వద్దు, కరీంనగర్

జవాబు: ఏ మందూ వద్దు. టార్చ్ అంటే కడుపులో బిడ్డకి హాని చేసే కొన్ని ఇన్ఫెక్షన్ల కోసం చేసే రక్త పరీక్ష, అందులో టాక్సో అంటే పైన చెప్పిన టాక్సోప్లాస్మానే. ఐజీజీ, ఐజీఎం అనేవి క్రిమి సోకాక రక్తంలో తయారయ్యే యాంటీబాడీలు. ఐజీజీ ఉండి ఐజీఎం లేదంటే అది ఎప్పుడో సోకి పోయిన పాత ఇన్ఫెక్షన్, మీ ఒంట్లో రక్షణ తయారైపోయింది, ఇమ్యూనిటీ మామూలుగా ఉంటే రేపు పుట్టబోయే బిడ్డకి అది మంచిదే. రిపోర్టులో పాజిటివ్ అని ముద్దక్షరాల్లో కనిపించేసరికి నిద్రలు మానేసి ఏడ్చినవాళ్లని నేను చాలామందిని చూశాను, నా బాధంతా అదే.

ఐజీఎం పాజిటివ్ వచ్చినా ఇప్పుడే సోకిందని కాదు, కొందరిలో అది నెలల తరబడి, ఏడాది దాటి కూడా అలాగే కనిపిస్తుంది. అప్పుడు ఐజీజీ ఆ క్రిమిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూసే ఎవిడిటీ అనే ఇంకో పరీక్ష చేయించాలి, కడుపుతో ఉన్న మొదటి మూడు నెలల్లో అది హై అని వస్తే కడుపు రాకముందే సోకిందని అర్థం. నిజంగానే కొత్తగా సోకిందని తేలితే స్పైరామైసిన్ అనే మందు ఇస్తారు, 18 వారాలు దాటాక ఉమ్మనీరు తీసి బిడ్డకి చేరిందో లేదో చూస్తారు, చేరితే వేరే మందులున్నాయి. తల్లికి సోకిన ప్రతిసారీ బిడ్డకి సోకదు. దయచేసి ఐజీఎం కాగితం ఒక్కటి చూసుకుని కడుపు తీయించుకునే నిర్ణయానికి మాత్రం ఎవరూ రావద్దు, రెండో డాక్టర్ని అడగండి.

ప్రశ్న: మా అన్నయ్యకి హెచ్ఐవీ. సీడీ4 80 ఉంది. తలనొప్పి అంటున్నాడు. టాక్సో అయ్యుంటుందా, మాకూ అంటుతుందా? – ఒంగోలు నుంచి

జవాబు: మీకు అంటదు, ఒకే కంచంలో తిన్నా అంటదు. కానీ ఆయన్ని ఇవాళే తీసుకెళ్లండి, నా జవాబు అచ్చయ్యేదాకా ఆగి ఉండరనే ఆశిస్తున్నాను. సీడీ4 అంటే ఒంట్లో రోగాలతో పోరాడే కణాల లెక్క, అది 100 కన్నా తగ్గితే ఎప్పుడో ఒంట్లో నిద్రపోయిన ఈ క్రిమి మెదడులో మళ్లీ లేవచ్చు, తలనొప్పి, జ్వరం, ఫిట్స్, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం, మాట తడబడటం, వీటిలో ఏదొచ్చినా స్కాన్ చెయ్యాల్సిందే. టైమ్‌కి మందులు పడితే చాలామంది కోలుకుంటారు. హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో ఇచ్చే కోట్రైమోక్సజోల్ బిళ్ల రోజూ వేసుకుంటున్నాడో లేదో అడగండి, అది ఈ జబ్బు రాకుండా కూడా కాపాడుతుంది, మానేసి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.