వామాకు గుబురుగా పెరిగిపోయింది.. ఏం చేసుకోవాలి?

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 58. పెరట్లో వామాకు గోడ పొడవునా అల్లుకుపోయింది. పీకి పారేయబుద్ధి కావడం లేదు. నెట్‌లో దీన్ని ‘ఇండియన్ బోరేజ్’ అంటున్నారు. బోరేజ్ నూనె కీళ్లనొప్పులకు మంచిదని ఒకచోట, ఆకు లివర్‌కు చేటని ఇంకోచోట రాశారు. నాకు షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నా. మా 8 నెలల మనవడికి జలుబు చేస్తే వామాకు పసరు తేనెలో నాకించమంటున్నారు. పెట్టొచ్చా?

జవాబు: ముందు బాబు సంగతి. ఏడాది నిండని పిల్లలకు తేనె చుక్క కూడా వద్దు. తేనెలో ఒక్కోసారి బోట్యులిజం కలిగించే బ్యాక్టీరియా బీజాలుంటాయి. పసిపేగుల్లో అవి మొలకెత్తి విషం తయారుచేస్తే మెడ వాలిపోతుంది, పాలు చప్పరించలేరు, ఊపిరికీ ఇబ్బందే. పసరూ వద్దు, ఆ ఘాటుకు పొలమారుతుంది. ముక్కు మూసుకుపోతే పాలు పట్టే ముందు ఒక్కో రంధ్రంలో రెండేసి సెలైన్ చుక్కలు వేయండి. బాబు నిద్రపోతున్నప్పుడు పొట్ట కదలిక చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 50 లేదా అంతకు మించినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు మానేసినా ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇక నెట్‌లో మీరు చదివిన రెండు మాటలూ వేరే మొక్కవి. అసలు బోరేజ్ మధ్యధరా ప్రాంతపు మొక్క. నక్షత్రాల్లాంటి నీలిపూలు, గరుకు నూగు, ఆకు నలిపితే దోసకాయ వాసన. స్పెయిన్‌లో అరగాన్ వైపు దాని కాడలు కూర వండుకుంటారు. కీళ్లనొప్పులకని అమ్మే నూనె దాని గింజలది. దాని ఆకుల్లో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లనే విషపదార్థాలుంటాయి, ఎక్కువ రోజులు ఎక్కువగా తింటే కాలేయానికి దెబ్బ. మీ వామాకు తులసి, పుదీనా కుటుంబానిది. కార్వక్రాల్, థైమాల్ అనే సువాసన పదార్థాల వల్ల వాము వాసన వస్తుంది తప్ప, మనం వాడే వాము గింజలు ఈ మొక్కవి కావు.

కాబట్టి నిశ్చింతగా వండుకోండి. కొమ్మ కొస నుంచి మూడు నాలుగు జతల ఆకులే కోయండి, కింది ముదురాకు పీచుగా, చేదుగా ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు వామాకుతో గొడవ లేదు, గొడవంతా బజ్జీల పిండితోనూ నూనెతోనూ. అందుకని మీకు పచ్చడే మేలు. రెండు చెంచాల నూనెలో చెంచాడేసి శనగపప్పు, మినప్పప్పు, 4 ఎండుమిర్చి, అర చెంచా జీలకర్ర వేయించి తీసి, అదే మూకుట్లో 25 ఆకులు మగ్గించాలి. ఆకు నిండా నీరే కాబట్టి ఆ తడి ఇగిరి, పిడికెడంతకు దిగేదాకా ఆగాలి. తొందరపడి దించితే ఘాటు నాలుకకు కొడుతుంది, పచ్చడీ మర్నాటికే పాడవుతుంది. ఉసిరికాయంత చింతపండు, ఉప్పు చేర్చి నూరండి. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులుంటుంది.

ఇంట్లోవాళ్లకు బజ్జీలు వేస్తే, కడిగిన ఆకును గుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉంటే పిండి జారిపోతుంది, నూనె చిటపటలాడి మీద పడుతుంది. కప్పు శనగపిండికి రెండు చెంచాల బియ్యప్పిండి చాలు. సోడా ఎక్కువైతే బజ్జీ నూనె పీల్చేస్తుంది. వాము మాత్రం మళ్లీ వేయకండి!

పెద్దవాళ్లకు జలుబైతే 4 ఆకులు గ్లాసున్నర నీళ్లలో గ్లాసు అయ్యేదాకా మరిగించి, గోరువెచ్చగా రోజుకు ఒకసారి, మూడు నాలుగు రోజులు తాగొచ్చు. గొంతుకు హాయిగా ఉంటుంది, అంతవరకే. మీరు దీన్ని నమ్ముకుని మెట్‌ఫార్మిన్ మానొద్దు, గర్భిణులు కషాయం జోలికి పోవద్దు. ఆకులు కోసేటప్పుడు చేతులు దురద పెడితే గ్లౌజులు వేసుకోండి.

ఇంకా మిగిలితే కొమ్మలను జానెడు ఎత్తుకు కత్తిరించండి, లేత చిగుళ్లు వస్తాయి. కత్తిరించిన ముక్కలు మట్టిలో గుచ్చితే బతుకుతాయి, ఇరుగుపొరుగుకు పంచండి. నీళ్లు నిలిస్తే మాత్రం వేరు కుళ్లుతుంది.

ఇంట్లో ఎవరికైనా దగ్గు రెండు వారాలు దాటితే కషాయం ఆపి, టీబీ ఉందేమో తెలుసుకోవడానికి ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా చేసే కళ్లె పరీక్ష చేయించండి.