పిల్లల ఎగ్జిమాకి మూలికల ఆయింట్‌మెంట్ సరిపోతుందా?

సరిపోదు, పొడిబారడం తగ్గించేవి కొన్ని ఉన్నాయి గానీ, ఎర్రబడి రసి కారే ఎగ్జిమాని మూలికా లేపనం ఒక్కటే నయం చేస్తుందన్న రుజువు లేదు. ఈ జబ్బులో చర్మం పైపొరలో సందులు పడి, అది తేమను పట్టి ఉంచలేకపోతుంది. సబ్బు, చెమట, దుమ్ము ఆ సందుల్లోంచి దిగి దురద రేపుతాయి. కాబట్టి ముందు కావలసింది పసరు కాదు, జిడ్డు.

ఉద్దానం ఇళ్లలో ఉండే కల్తీలేని కొబ్బరినూనెనే తీసుకోండి. గోరువెచ్చని నీళ్లతో 10 నిమిషాల్లో స్నానం ముగించి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒళ్లు తడిగా ఉండగానే 3 నిమిషాల్లో రాస్తే పనిచేస్తుంది. అదే చోట వేపాకు, పసుపు నూరి పట్టిస్తే పగిలిన చర్మం మండుతుంది, ఆరాక మరింత బిగుస్తుంది.

‘మూలికే కదా, హాని లేదు’ అనుకోవడమే అసలు పొరపాటు. సంతలో అమ్మే పేరులేని డబ్బా మందు రెండ్రోజుల్లో మాయం చేసిందంటే అనుమానించాలి: ఇలాంటివాటిలో చెప్పకుండా గట్టి స్టెరాయిడ్ (వాపు, దురద అణిచే మందు) కలిపిన సందర్భాలున్నాయి. ఆపగానే తిరగబెడుతుంది, నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది. దానికన్నా డాక్టరు రాసే తేలికపాటి స్టెరాయిడే మేలు; ఎంత రాయాలో, ఎన్నాళ్లో తెలిసే వాడతాం. పసుపురంగు పెచ్చులు, చీము, జ్వరం కనిపిస్తే ఏ నూనే రాయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.