బూడిద పట్టేదాకా కాయ మీద చెయ్యి వెయ్యకు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి "అక్కా, పిల్ల 2 ఎకరాల్లో బూడిద గుమ్మడి వేస్తానంటోంది, నువ్వైనా చెప్పు" అన్నాడు. ఏం చెప్పాలో మాత్రం వాడు చెప్పలేదు. వద్దనమనా, వెయ్యమనా? ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు నాకు. మన ఇంట్లో మళ్ళీ ఒకరు మట్టిలో చెయ్యి పెడుతున్నారంటే గర్వంగానే ఉంది, కానీ ఆ పంట బూడిద గుమ్మడి అనేసరికి కడుపులో మెలిపెట్టినట్టయింది. అసలు ఈ మాట నాకు నీ నోటితో తెలియాలి కదా? వారానికోసారి ఫోన్ చేసేదానివి, ఇంత పెద్ద సంగతి దాచుకున్నావు. సరే, కోపం తర్వాత చూసుకుందాం.

ఏ విత్తనం మంచిది, డ్రిప్ ఎలా వెయ్యాలి అని నువ్వీపాటికి బోలెడు వీడియోలు చూసే ఉంటావు. నేనడిగేది వేరు. కోసిన కాయలు ఎక్కడ పెడతావు? ఇది ఆలోచించావా?

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. నీరు నిలవని నేల చూసుకో. చలి పడదు దీనికి, వెచ్చగా ఉండాలి. ఎకరానికి కిలో అటూ ఇటూగా విత్తనం చాలు. రాత్రంతా నానబెట్టి, పాదుకు 3 గింజలు 2 సెంటీమీటర్ల లోతున పెట్టు, మొలిచాక బలమైనవి ఉంచి మిగతావి పీకెయ్యి. పచ్చటి మొక్కను పీకడానికి మనసొప్పదు, నాకూ ఒప్పేది కాదు, అయినా పీకాలి. సాళ్ళ మధ్య 2 నుంచి 3 మీటర్లు వదులు. మొదట్లో చేనంతా బోసిగా కనబడి ఇంకో వరస పెట్టేద్దామా అనిపిస్తుంది, పెట్టకు. తీగ సాగాక కాలు మోపే చోటుండదు. ఎరువు బాగా చివికినదే పాదులో వెయ్యి.

పూత మొదలైనప్పుడు టెన్షన్ పడతావని తెలుసు నాకు. ముందు వచ్చేవి మగపూలే, అవి రాలిపోతాయి. ఆడపువ్వు వెనక నూగుతో చిన్న పిందె ఉంటుంది, చూస్తే నీకే తెలుస్తుంది. పూలు పొద్దున్నే విచ్చుకుంటాయి. తేనెటీగలు ఆ పూట తిరిగితేనే పిందె నిలుస్తుంది, అందుకని మందు కొట్టక తప్పకపోతే సాయంత్రమే కొట్టు. పండు ఈగ గుడ్లు పెట్టిన పిందెలు కుళ్ళి రాలతాయి. వాటిని గట్టు మీదకి విసిరెయ్యడం అందరికీ అలవాటు. లోపలి పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగై నీ చేలోకే వస్తుంది తల్లీ. అన్నీ ఏరి, సంచిలో వేసి మూతి గట్టిగా కట్టి ఎండలో పడెయ్యి. ఈగల్ని రప్పించి పట్టే లింగాకర్షక ఎర బుట్టలు కూడా కట్టు. కానీ వాటిలో పడేది మగ ఈగలే, బుట్టలు కట్టాం కదా అని పిందెలు ఏరడం మానకు.

ఒక్క విషయంలో కొత్తవాళ్ళు తికమకపడతారు. ఆకు మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూడిద తెగులు, వెంటనే చూసుకోవాలి. ఎండ ముదిరినప్పుడు గంధకం కొట్టావంటే తెగులు మాట ఎలా ఉన్నా ఆకే మాడిపోతుంది, జాగ్రత్త. కాయ మీద వచ్చే తెల్లటి పొడి అది కాదు. దానికోసమే మనం ఎదురుచూడాలి. నేను ఎదురుచూడలేదు.

నాకప్పుడు 24 ఏళ్ళు, మీ నాన్నకి 13. ఎకరన్నర వేశాం, ఇల్లంతా దాని మీదే ఆశ పెట్టుకున్నాం. కాయలు బ్రహ్మాండంగా దిగాయి, ఒక్కోటి ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. ఒక వ్యాపారి వచ్చి చేను కలయతిరిగి, మొత్తం నేనే తీసుకుంటాను, ఈ ఆదివారానికి కోసి ఉంచండి, లారీ పంపిస్తాను అన్నాడు. కాగితం లేదు, బయానా లేదు. మీ తాతయ్య కాయ మీద చెయ్యి పెట్టి చూసి "ఇంకా నూగు గుచ్చుకుంటోందమ్మా, బూడిద పట్టలేదు, రెండు వారాలు ఆగుదాం" అన్నారు. నేను వినలేదు. లారీ తప్పిపోతే మళ్ళీ ఎవరొస్తారు, మీకు బేరాలు తెలియవు అని ఆయన మొహం మీదే అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఆ మౌనం నాకిప్పటికీ గుర్తే.

కత్తి వెతికే ఓపిక కూడా లేక కాయలు మెలితిప్పి తెంపాం. తొడిమ ఊడిన చోట పచ్చి గాయం. అప్పటికే బూడిద పట్టిన కాయలు కొన్ని ఉంటే, నిగనిగలాడుతూ కనబడాలని గోనెగుడ్డతో నేనే తుడిచాను. అన్నీ తెచ్చి పాకలో నడుమెత్తు గుట్ట పోశాం.

ఆదివారం లారీ రాలేదు. సోమవారం రాలేదు. మీ తాతయ్య రోజూ దారి మీదకి వెళ్ళి నిలబడేవారు. వారం గడిచాక కబురొచ్చింది, ఆ వ్యాపారికి వేరేచోట సరుకు దొరికిందట. అప్పటికే గుట్ట అడుగున కుళ్ళు మొదలైపోయింది. పైకి కాయ బాగానే ఉంటుంది, వేలు పెడితే లోపలికి దిగుతుంది. ఒకటి కారితే పక్కదీ, దాని కిందదీ. బడి నుంచి వచ్చి మీ నాన్న నాతోపాటు ఆ కాయలు మోశాడు. ఒకటి వాడి చేతుల్లోనే పగిలి బట్టలన్నీ తడిసిపోయాయి. ఏడవలేదు వాడు. రాత్రి తినడానికి కూర్చుని, ఎన్నిసార్లు కడిగినా చేతుల వాసన పోలేదని లేచి వెళ్ళిపోయాడు. నువ్వు బూడిద గుమ్మడి అనగానే వాడు నాకెందుకు ఫోన్ చేశాడో ఇప్పుడు అర్థమైందా?

తర్వాత తీగలు ఎండిపోయాక చూస్తే, గట్టువార కలుపులో మాకు కనబడకుండా ఉండిపోయిన కాయలు 7 ఉన్నాయి. నూగంతా రాలిపోయి, తెల్లగా, చేత్తో ముడితే వేలిముద్ర పడేంత బూడిద. మీ తాతయ్య వాటిని కాడతో సహా కోసి, ఎండు గడ్డి మీద ఎడం ఎడంగా పెట్టారు. నెలలు గడిచి మళ్ళీ విత్తనం వేసే వేళకి కూడా అవి గట్టిగానే ఉన్నాయి. అదే విత్తనం, అదే నేల. ఆ బూడిద నిజానికి మైనంలాంటి పొర. లోపలి నీరు ఆరిపోకుండా అది కాపాడుతుంది. నేను తుడిచి పారేసింది దాన్ని.

అందుకే చెబుతున్నాను. విత్తిన దగ్గర్నుంచి నాలుగైదు నెలలు పట్టినా సరే, నూగు రాలి కాయంతా తెల్లబడేదాకా కత్తి పట్టకు. కోతకి వారం ముందు నీళ్ళు ఆపు. రెండు అంగుళాల కాడ ఉంచి కొయ్యి, బూడిద చెరపకు, పసిబిడ్డని దించినట్టు దించు. గాలి ఆడే నీడలో, ఒకే వరసలో, ఒకదానికొకటి తగలకుండా పెట్టు. దెబ్బ తగిలినవి విడిగా పెట్టి ముందు అవే అమ్ము. వారానికోసారి ప్రతి కాయా తిప్పి చూడు.

2 ఎకరాలూ ఒకేరోజు విత్తకు. సగం వేసి, 20 రోజులాగి మిగతా సగం వెయ్యి. కొనేవాళ్ళు కనీసం ముగ్గురితో మాట్లాడు, మాట ఇచ్చినవాడి దగ్గర బయానా తీసుకో, రాయించుకో. లారీ రాకపోయినా ముదిరిన కాయ ఆగుతుంది. అది ఆగుతుంది కాబట్టి నువ్వూ ఆగగలవు, ఎవరికీ భయపడి తెగనమ్ముకోనక్కర్లేదు.

ఉద్యోగం మానేస్తానన్నావట. ఒక్క పంట చేతికొచ్చేదాకా మానకు. ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను. నీమీద నమ్మకం లేక కాదు, మొక్కలు పీకాల్సిన రోజున నువ్వు ఏడుస్తావని తెలిసీ ఈ పంట నువ్వు తియ్యగలవనే నా నమ్మకం.

మీ నాన్నని మాటలతో ఒప్పించాలని చూడకు. మొదటి కాయ తెల్లబడ్డాక వాణ్ణి చేలోకి పిలిచి చెయ్యి పెట్టి చూడమను. నేనూ వస్తాను.

ఈలోపు పాక పొడవు, వెడల్పు కొలిచి నాకు పంపు. కిటికీలు ఏ వైపున్నాయో కూడా రాయి. విత్తనం ఆ తర్వాత కొందువుగాని.

నీ మేనత్త